ఇనప పడవకు చీమలు

వేసవిలో కాలవ కట్టేస్తే పడవలన్నీ గట్టెక్కుతాయి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్ళు ఆపిన కొద్ది రోజులకే మా పెరటి వెనక కాలవ బురదగా మారి, ఆ తర్వాత నెర్రెలు విచ్చేది. మా ఇనప పడవని కూడా ఎడ్లు కట్టి లాగించి, గట్టు మీద దుంగలేసి నిలబెట్టేవారు. ఆ ఏడు అలా నిలబెట్టాక ఒక పొద్దున నేను చింతపండు ఎండబెట్టడానికి గట్టు మీదికి వెళ్ళాను. పడవ పక్కన ఎర్రచీమల బారు ఒకటి కనిపించింది. నా చింతపండు కోసమే బయల్దేరాయనుకున్నాను. అవి చింతపండు జోలికే రాలేదు. దుంగ మీదుగా పైకెక్కి, ఆకుపచ్చ రంగు వేసిన పడవ పక్కరేకు మీద జానెడెత్తు పాకి, రంగు ఉబ్బిన ఒక చోట లోపలికి దూరుతున్నాయి.

ఇనుముకు చీమలు పట్టడం నేనెన్నడూ వినలేదు.

ఆ పడవ మా మావగారు కొన్నది. అంతకు ముందు ఎవరో దొర కాలవల మీద తిరగడానికి వాడుకునేవాడట. పక్కలన్నీ ఇనప రేకులు, అడుగున చెక్కలు పరిచిన నేల. మాది బియ్యం వ్యాపారం. కాకినాడ ఓడరేవుకు సరుకు చేర్చడానికి అదివరకు చెక్క పడవే ఉండేది. మా ఆయన ఇనప పడవ కొనొద్దని గట్టిగానే చెప్పారు. "చెక్కకేదన్నా అయితే మన వడ్రంగి ఉన్నాడు. ఇనుము సంగతి మనలో ఎవరికి తెలుసండి?" అన్నారు. మావగారు వినలేదు. "ఇనుముకు చెద పట్టదురా. నా తర్వాత నీ కొడుకు కూడా నడుపుకుంటాడు" అన్నారు. కొన్న రోజున ఊళ్ళో పెద్దమనుషుల్ని ఎక్కించుకుని కడియం దాకా వెళ్ళొచ్చారు. ఆ పూట ఆయన ముఖంలో ఉన్న సంతోషం నేను మళ్ళీ చూడలేదు.

పడవ నడిపే సరంగు ఉప్పాడ వైపు మనిషి. చేపలు పట్టుకునే కుటుంబం వాళ్ళది. సముద్రం వాళ్ళ ఇళ్ళ వరస తినేస్తే, కాలవ మీద బతుకుదామని ఇటు వచ్చాడు. మా చెక్క పడవ నాటి నుంచీ మా దగ్గరే ఉన్నాడు. మాట తక్కువ మనిషి. అడిగినదానికి "ఆయ్" అనడం తప్ప తనంతట తాను ఏదీ చెప్పడు. మా ఆయనకి ఆ మౌనం మొదటి నుంచీ నచ్చేది కాదు. "నోరు విప్పని వాడి కడుపులో ఏముందో ఎలా తెలుస్తుంది?" అనేవారు.

కాలవ కట్టేయడానికి ముందు రెండుమూడు సార్లు వరసగా కాకినాడ నుంచి కబురు వచ్చింది. అడుగు వరస బస్తాలు తడిసి ఉంటున్నాయని. మా ఆయనకి వెంటనే అనుమానం కలిగింది. బియ్యం వ్యాపారంలో అది పాత మోసమే. దారిలో ఒక్కో బస్తాలోంచి కొంచెం కొంచెం తీసేసి, తగ్గిన బరువు కనపడకుండా మిగతా బియ్యం మీద నీళ్ళు చల్లుతారు. తూకానికి సరిపోతుంది, తిన్నవాడు దొరకడు.

సరంగుని పిలిపించి వాకిట్లో నిలబెట్టారు. నేను వంటింటి తలుపు వెనక ఉన్నాను. మావగారు అరుగు మీద కూర్చుని తమలపాకులకి సున్నం రాసుకుంటున్నారు.

"బస్తాలు ఎందుకు తడుస్తున్నాయి?" అన్నారు మా ఆయన.

"కాలవ మీద తడి తగలకుండా ఉంటదాండి" అన్నాడు సరంగు.

"చెక్క పడవలో తగలని తడి ఇనప పడవలో తగులుతుందా? నేను పిల్లాణ్ణి కాదు. ఎన్నాళ్ళ నుంచి తీస్తున్నావ్?"

"నేను గింజ ముట్టలేదండి."

"మరి నీళ్ళు ఎక్కడివి?"

సరంగు తల తిప్పి మావగారి వైపు చూశాడు. ఆ చూపు మామూలుగా చూసే చూపు కాదు, కాస్త ఎక్కువసేపే నిలిచింది. మావగారు మాత్రం ఆకు మీంచి కళ్ళెత్తలేదు. మా ఆయన సరంగుని పనిలోంచి తీసేశారు. అతను తలపాగా సర్దుకుని గుమ్మం దాటి వెళ్ళిపోయాడు. సరంగు చూసిన ఆ చూపు నాకు మనసులో ముల్లులా దిగబడింది. ఇద్దరి మధ్యా ఏదో ఉంది. బియ్యంలో మావగారికే వాటా ఉందేమో అని కూడా అనుకున్నాను. సొంత ఇంటి సరుకు సొంత యజమాని ఎందుకు దొంగిలిస్తాడని నన్ను నేనే కోప్పడ్డాను. కానీ అనుమానం ఒకసారి ఇంట్లోకి వచ్చాక తర్కం చెబితే పోయే చుట్టం కాదు.

అలాంటి రోజుల్లో కనిపించాయి ఆ చీమలు. వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి రంగు ఉబ్బిన చోట గీకాను. రంగు పెచ్చులా ఊడి వచ్చింది. కింద ఇనుము లేదు. తెల్లగా, కొంచెం పసుపు తిరిగిన ముద్ద, అందులో జనపనార పోగులు. వేళ్ళతో నలిపి వాసన చూశాను. బెల్లం, కరక్కాయ, సున్నం. ఇళ్ళ గోడలకి, గోదాం నేలకి వేసే గచ్చు అది. ఇంకొంచెం గీకితే అట్లకాడ కొస పడవ లోపలికి పోయింది.

మా ఆయన్ని పిలుచుకొచ్చి చూపించాను. ఆయన కూర్చుని ఆ కన్నం వంక చూశారు.

"అమ్మినవాడు మోసం చేశాడు. గచ్చు పెట్టి రంగు పూసి మనకి అంటగట్టాడు" అన్నారు.

"పాత గచ్చుకి చీమలు వస్తాయాండి? మన గోదాం నేలకి ఏనాడన్నా పట్టాయా? పచ్చిగా ఉన్నప్పుడు పడతాయి గానీ."

ఆయన ఆ ఉబ్బిన రంగు పక్కన చెయ్యి పెట్టి చూశారు. అక్కడ ఆకుపచ్చ చుట్టుపక్కల రంగు కంటే కొంచెం ముదురుగా ఉంది. మీద వేసిన రంగు కొత్తదని ఆయనకీ అర్థమైంది.

"అంటే మన దగ్గరికి వచ్చాకే పెట్టారు. సరంగే. నీళ్ళు ఎక్కడివంటే చూపించడానికి కన్నం తనే పొడిచాడు."

"చూపించడానికి పొడిచినవాడు మూసిపెట్టడం దేనికి? ఆ రోజు నిలదీసినప్పుడు ఇదిగో కన్నం అని చూపించొచ్చు కదా?"

ఆయన నా వైపు తిరిగారు. "వాడి తరఫున నువ్వెందుకు మాట్లాడుతున్నావ్?"

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ మాటన్నా ఎవరి తరఫునో అన్నట్టే ఉండేది.

కమ్మరిని పిలిపించారు. ధవళేశ్వరం వైపు నుంచి వచ్చాడు, తన బావమరిదిని, కొలిమి తిత్తిని బండిలో వేసుకుని. వచ్చీ రాగానే తను బాగుచేసిన పడవల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. విన్నంతసేపూ గోదావరి మీద తేలేవన్నీ అతని చేతిలోంచే వెళ్ళాయనిపించేది. మా ఆయన గట్టు మీద పీట వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చున్నారు. కమ్మరిని ఒంటరిగా వదిలితే ఒక కన్నం పది కన్నాలవుతుందని ఆయన భయం.

కమ్మరి చిన్న సుత్తితో రేకు పొడుగునా తడుతూ వెళ్ళాడు. మంచి చోట ఖణేలుమనేది. కొన్ని చోట్ల చచ్చుగా, తట్టెడు మట్టి మీద కొట్టినట్టు మోగేది. అక్కడల్లా సుద్దతో గుండ్రంగా గీశాడు. ఒక చోట సుత్తి లోపలికే దిగిపోయింది.

మా ఆయన పీట మీంచి లేచారు. "అదిగో, నువ్వే పొడిచావు. నా కళ్ళ ముందే."

"మంచి రేకైతే సుత్తి వెనక్కొస్తదండి శెట్టిగారు. లోపలికి పోయిందంటే అక్కడ రేకు ఎప్పుడో పోయిందండి. మిగిలింది రంగేనండి."

"పక్కన బాగానే ఉంది కదా?"

"పైకి అలాగే ఉంటదండి. లోపల చూడండి."

అడుగు చెక్కలు ఊడదీయించి చూశారు. నేను కూడా కొంగు నెత్తి మీదికి లాక్కుని వెళ్ళి తొంగిచూశాను. చెక్కల కింద పక్కరేకు అడుగుని కలిసే మూలలో ఎప్పటినుంచో నీళ్ళు నిలిచాయి. కాకినాడ దగ్గర కాలవలోకి సముద్రం పోటుకి ఉప్పునీళ్ళు ఎగదన్నుతాయి. అవి లోపలికి చేరి, బయటికి పోయే దారిలేక, రేకుని లోపలి వైపు నుంచి తినేశాయి. తుప్పు పొరలు పొరలుగా, పాత ఉల్లిపాయలా ఊడి వస్తోంది. కమ్మరి ఒక పెచ్చు తీసి చేతిలో పెడితే తమలపాకంత మందం కూడా లేదు. బయట మాత్రం ఆకుపచ్చ రంగు నిగనిగలాడుతోంది.

పని మొదలైంది. సుద్ద గీసిన చోటల్లా రంగు గీకి, ఉలితో కోసుకుంటూ పోయారు. ఎక్కడ రేకు గట్టిగా తగిలితే అక్కడ ఆగారు. సుద్ద గీత కంటే కోత పెద్దదవుతుంటే మా ఆయన ముఖం చిట్లించేవారు. "ఇంకెంత కోస్తావ్?" అని అడిగితే, "బలం ఉన్నచోట రివిట్టు మేకు కొట్టాలి గదండి, తుప్పు మీద కొడితే కన్నంతో సహా ఊడొస్తది" అనేవాడు కమ్మరి. ఆ మాట నిజమో, పని పెంచుకోవడమో మాకెవరికీ తెలియదు. అదే బాధ.

కొత్త రేకులు తనే తెస్తానన్నాడు. తెచ్చాడు. నల్ల రంగు పూసి ఉన్నాయి. మా ఆయన మేకు తీసుకుని ఒక రేకు అంచున గీకారు. రంగు కింద పాత కన్నాలు బయటపడ్డాయి, సీసం పోసి మూసినవి.

"ఇదేనా కొత్త రేకు?"

కమ్మరి ఏమాత్రం తొణకలేదు. "ఏదో పాత నీళ్ళతొట్టి రేకండి. ఇప్పుడొచ్చే కొత్త రేకు కంటే ఇది మందం. మీ మేలు కోరే తెచ్చానండి."

"మేలు కోరినవాడివి రంగెందుకు పూశావు?"

కమ్మరి బండి కట్టి వెళ్ళి, ఈసారి రంగు వేయని రేకులు తెచ్చాడు. మా ఆయన ఒక్కొక్కటీ తిరగేసి చూసుకున్నారు. ఆ తర్వాత ఆయన గొడుగు కింద మరింత నిటారుగా కూర్చున్నారు. తన అనుమానం ఒకచోట నిజమైతే అన్నిచోట్లా నిజమేనన్న ధీమా వచ్చింది ఆయనకి.

ఆ పనిలోనే ఇంకో సంగతి బయటపడింది. గచ్చు ఒక్క చోట కాదు, చాలా చోట్ల ఉంది. కమ్మరి ఒక ముద్ద ఊడదీసి మా ఆయనకి చూపించి, "పడవోళ్ళు చేసిన పని కాదండిది. వాళ్ళయితే గుగ్గిలం, నూనె కలిపి పూస్తారు. అంచులు చూడండి, తాపీతో ఎంత నున్నగా తీశాడో" అన్నాడు. మా ఆయన అప్పటికే అతని మాట నమ్మడం మానేశారు కాబట్టి తల తిప్పుకున్నారు. నేను ఆ ముద్దని ఇంట్లోకి తెచ్చుకున్నాను.

కిందటి దసరాకి ముందు మా ఆయన కాకినాడలో ఉన్నప్పుడు, నేను పిల్లలతో పుట్టింటికి వెళ్ళినప్పుడు, మావగారు గోదాం నేల బాగు చేయించారట. తాపీ మేస్త్రీ వచ్చి వెళ్ళాడని నేను తిరిగొచ్చాక పనిమనిషి చెప్పింది. ఇప్పుడది గుర్తొచ్చి గోదాంలోకి వెళ్ళి నేలంతా చూశాను. కొత్త అతుకు ఎక్కడా లేదు.

మా అత్తగారు పోయిన తర్వాత ఇంటి పెత్తనం నా చేతికొచ్చింది. మావగారితో మాట్లాడక తప్పేది కాదు. అయినా ఎదురుగా నిలబడి ప్రశ్న అడగడం మా ఇంటి అలవాటు కాదు. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు చారు వడ్డిస్తూ అడిగాను.

"దసరాకి ముందు తాపీ మేస్త్రీ వచ్చాడట కదండీ. గోదాంలో ఎక్కడ బాగు చేశాడో కనిపించలేదు."

ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. మళ్ళీ కలిపారు. రెండు ముద్దలు తిన్నారు.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదండి. పడవలో గచ్చు చూశాను."

మజ్జిగ పోయమన్నారు. పోశాను. ఆ తర్వాత తల వంచుకునే చెప్పారు. "మొదటి వర్షాలకే నీళ్ళు ఊరాయమ్మా. సరంగు ముందు నా దగ్గరికే వచ్చి చెప్పాడు. అబ్బాయికి చెప్పొద్దని వాడి దగ్గర మాట తీసుకున్నాను. అబ్బాయి కొనొద్దన్నాడు కదా. ఏడాది తిరక్కుండానే కన్నం పడిందని కొడుకు ముందు ఎలా చెప్పను?"

"సరంగుని దొంగ అన్నప్పుడు మీరు అక్కడే ఉన్నారు."

"ఉన్నాను. కొన్నాళ్ళు పోయాక నేనే పిలిపించి మళ్ళీ పెట్టుకుందామనుకున్నాను."

"ఆ కొన్నాళ్ళూ వాళ్ళింట్లో పొయ్యి వెలగాలి కదండీ."

ఆయన విస్తరి మడిచారు. లేస్తూ, "నువ్వే చెప్పు అబ్బాయితో" అన్నారు.

"నేను చెప్పనండి" అన్నాను. ఆయన ఎదుట అంత గట్టిగా మాట్లాడటం నాకదే మొదలు. "నేను చెబితే కోడలు చాడీ చెప్పినట్టవుతుంది. మీరే చెప్పాలి."

ఆ సాయంత్రం ఆయన చేతికర్ర పట్టుకుని గట్టు మీదికి వెళ్ళారు. నేను పెరటి గుమ్మంలో నిలబడ్డాను. కొలిమిలో రివిట్లు ఎర్రగా కాలుతున్నాయి. కమ్మరి బావమరిది లోపలి నుంచి బరువైన ఇనప దిమ్మె ఆనించి పట్టుకుంటే, కమ్మరి బయట నుంచి కాలిన రివిట్టు తల అణిగేదాకా కొడుతున్నాడు. రేకుకీ రేకుకీ నడుమ నీళ్ళు దూరకుండా సిందూరం కలిపిన నూనెలో తడిపిన జనపనార పెట్టారు. ఆ చప్పుడు ఆగేదాకా మావగారు నిలబడి ఉన్నారు. ఆగాక అన్నారు.

"ఆ గచ్చు నేనే పెట్టించానురా. సరంగు తప్పేం లేదు."

అప్పుడు మా ఆయన అన్న మాట నేనూహించనిది.

"వాణ్ణి కాపాడటానికి చెబుతున్నారు మీరు. వాడి మీద మీకు మొదటి నుంచీ జాలి."

మావగారు నిర్ఘాంతపోయారు. అన్నాళ్ళు అబద్ధం మోసినప్పుడు అడగని కొడుకు, నిజం చెబితే నమ్మడం లేదు. మళ్ళీ చెప్పారు, ఇంకోసారి చెప్పారు. మా ఆయన తల అడ్డంగానే ఊపుతున్నారు. కమ్మరి సుత్తి కింద పెట్టి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. చివరికి మావగారే మర్నాడు తాపీ మేస్త్రీని పిలిపించి కొడుకు ముందు నిలబెట్టాల్సి వచ్చింది. మేస్త్రీ ఏ మూల ఎంత పెట్టాడో వేలు పెట్టి చూపించాడు. "ఇనుముకి గచ్చు ఆగదండి అని పెద్ద శెట్టిగారికి అప్పుడే చెప్పానండి. ముందు మూసెయ్యి అన్నారండి" అన్నాడు. పడవ కదిలినప్పుడల్లా రేకు వంగి గచ్చు బీటలిచ్చేది, ఆ బీటల్లోంచే నీళ్ళు అడుగు వరస బస్తాల్ని తడిపేవి.

మా ఆయన తండ్రిని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదేమో. చాలా రోజులు ఇద్దరూ నా ద్వారానే మాట్లాడుకున్నారు. "మీ మావగారు భోంచేశారా" అని ఈయన, "మీ ఆయన ఎప్పుడొస్తాడట" అని ఆయన.

రేకుల పని అయ్యాక మా ఆయన బండి కట్టించుకుని స్వయంగా, పని పోయాక సరంగు తిరిగి చేరిన ఉప్పాడ వైపు వెళ్ళారు. సరంగు ఆ వెనకే రెండో రోజున వచ్చాడు. అదే వాకిట్లో నిలబడ్డాడు. ఈసారి నేను తలుపు వెనక దాక్కోలేదు, గుమ్మంలోనే ఉన్నాను.

"పొరపాటు పడ్డాను" అన్నారు మా ఆయన. "నీళ్ళు ఊరుతున్నాయని ఆ రోజు నాకొక్క మాట చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేదా?"

"పెద్ద శెట్టిగారు మాట తీసుకున్నారండి. ఇచ్చాక ఎలా చెప్తానండి?" అన్నాడు సరంగు. "మీరు నన్ను దొంగవా అని అడిగారండి. పడవకేమైందిరా అని అడగలేదండి" అన్నాడు.

మావగారు అరుగు మీదే ఉన్నారు. ఈసారి సరంగు ఆయన వైపు చూడలేదు. ఆయనే లేచి వచ్చి, "రేపు కాలవ వదులుతారట. పడవ నువ్వే తీసుకెళ్ళాలి" అన్నారు.

"తీసుకెళ్తానండి. బియ్యం మాత్రం వద్దండి. జనాన్ని ఎక్కించండి."

"జనాన్నెందుకు?" అన్నారు మా ఆయన.

"మనుషులు తడిస్తే వాళ్ళే చెప్తారండి. బియ్యం చెప్పదండి."

ఎవరూ నవ్వలేదు. అతను నవ్వించడానికి అనలేదు.

అతని మాటే సాగింది. బియ్యానికి మా ఆయన మళ్ళీ చెక్క పడవ చేయించారు. ఇనప పడవ జనాన్ని తీసుకెళ్ళే పడవైంది. కాకినాడకు వెళ్ళే వర్తకులు, కోర్టు పనుల మీద తిరిగేవాళ్ళు, అన్నవరం కొండకు మొక్కు తీర్చుకోవడానికి బయల్దేరిన కుటుంబాలవాళ్ళు ఎక్కేవారు. కమ్మరి వేసిన అతుకులు చాలా ఏళ్ళు నిలిచాయి. అతని మాటల్లో ఏది నిజమో ఏది గొప్పో చివరిదాకా తేలలేదు గానీ, రివిట్లు మాత్రం ఊడలేదు. మా ఆయన ప్రతి వేసవీ పడవ గట్టెక్కగానే అడుగు చెక్కలు ఊడదీయించి, మూలమూలా తనే చూసుకునేవారు. ఇంకెవరు చూసి బాగుందన్నా ఒప్పుకునేవారు కాదు.

మావగారు ఆ పడవ ఎక్కడం మానేశారు. ఎవరన్నా పిలిచినా మోకాళ్ళ నొప్పులని చెప్పేవారు. ఆయన పోవడానికి ముందు ఏడాది మాత్రం, ఎవరికీ చెప్పకుండా ఒక పొద్దున రేవు దాకా నడిచి వెళ్ళి ఎక్కి కూర్చున్నారు. సరంగు ఆయన్ని చెయ్యి పట్టుకుని ఎక్కించాడని, తన పక్కనే చాప వేశాడని చూసినవాళ్ళు చెప్పారు. కాకినాడ వెళ్ళి మర్నాటికి తిరిగొచ్చారు. దారిలో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో నేనడగలేదు. కాళ్ళకి నీళ్ళు ఇస్తుంటే ఆయనే అన్నారు, కాకినాడలో కొబ్బరికాయలు ఈ ఏడు బాగున్నాయని, మన సరంగు రెండు కొనిపెట్టాడని.